దాలినాయుడు మేస్త్రి చక్కు, దాని రెండో దవడ

కిందటి గురువారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకి, రాయగడలో గునుపూర్ రోడ్డు పక్కనున్న మనోరంజన్ షెడ్డులో ఒక చెక్క పెట్టె మూత ఊడదీశారు. టైము ఇంత ఖాయంగా ఎలా చెప్తున్నానంటే, గోడ గడియారానికి ఎదురుగా ఇనప తుక్కు కొనే భాస్కర్ కూర్చుని, ఊరికే దాని వంక చూసి నిట్టూరుస్తున్నాడు. అతను చూసినప్పుడల్లా నేనూ చూశాను. మూత లేవగానే వాసన కొట్టింది. పాత గ్రీజు, కిరసనాయిలు, తుప్పు, నూనె తాగిన గోనె, ఈ నాలుగూ ఏళ్ళ తరబడి ఒకేచోట మూతపడి ఉంటే వచ్చే వాసన అది. నేను పెట్టె పక్కన నేల మీద కూలబడిపోయాను. మోకాళ్ళు పట్టేశాయనుకుని మనోరంజన్ భార్య సబిత కుర్చీ తేబోయింది. నా మోకాళ్ళు బాగానే ఉన్నాయి. ఆ వాసన దాలినాయుడు మేస్త్రి చొక్కాది.

ముందు అక్కడికి నేనెందుకు వెళ్ళానో చెప్పాలి. మనోరంజన్ ఒడియా మనిషి, నలభై ఏళ్ళుంటాయి. రైసు మిల్లులకీ పంపుసెట్లకీ షాఫ్టులు చేసి బతుకుతాడు. నేను పనిచేసి రిటైరైన కొండ మీది ఫ్యాక్టరీలో పాత సామాను వేలం వేస్తే, అతనొక పాత లేత్, ఇనప కడ్డీని తిప్పుతూ చెక్కే మిషను, పాడుకున్నాడు. దాంతోపాటు మూడు గోనెలు, ఒక పెట్టె వచ్చాయి. నిండా లేత్‌కి తగిలించే సామాన్లు. ఏది ఏ మిషనుదో చెప్పే మనిషి లేడు. లేత్ తిరుగుతోంది గాని కరిచి పట్టే దాని చక్కులో బిగించిన కడ్డీ తిన్నగా తిరగట్లేదు, వెంట్రుకంత ఊగుతోంది. వెంట్రుకంత ఊగిన షాఫ్టుని ఏ మిల్లువాడూ తీసుకోడు. విజయనగరం వైపు నుంచి సత్యారావనే టర్నరుని పెట్టుకుని పది రోజులు కుస్తీ పట్టాడు. చక్కు అరిగిపోయింది, ఇంక పనికిరాదని సత్యారావు తేల్చాడు. ఆ పాత మిషను ముక్కుకి ఇప్పటి చక్కులు పట్టవు. పట్టించాలంటే వెనక ఒక పలక చేయాలి, అది చేయడానికి ఇంకో మంచి లేత్ కావాలి. విసిగిపోయి మనోరంజన్ భాస్కర్‌ని పిలిచాడు. బండి బయట నిలబడి ఉంది. డ్రైవరు తిరుపతి దాని నీడలో కూర్చుని బఠాణీలు తింటున్నాడు.

ఆఖరి ప్రయత్నంగా ఎవరో నా పేరు చెప్పారట. మా చెల్లెలి కూతురు రమణమ్మ నన్ను ఆటోలో తీసుకొచ్చింది.

"మాఉసీ," అన్నాడు మనోరంజన్. పిన్నిని ఒడియాలో అలా పిలుస్తారు, తెలుగు మాట్లాడినా ఆ పిలుపు మాత్రం వాళ్ళదే. "ఈ గోనెల్లో ఏది దేనిదో నువ్వు గుర్తుపట్టి చెప్పు. ఇంకో చక్కు ఉంటే సరే. లేదంటే పన్నెండు గంటలకి మిషను బండి ఎక్కించేస్తా. నాకిక ఓపిక లేదు."

"ఎక్కించడవేటి బాబు, ముక్కలు సేసే ఎక్కించాల. నా మనుషులు సుత్తులు తెచ్చేరు," అన్నాడు భాస్కర్.

నేనప్పటికే మిషను వంక చూశాను. నూనె పళ్ళెం ఎడమ మూల సొట్ట, హేండిల్‌కి చుట్టిన రాగి తీగ. అది దాలినాయుడు మేస్త్రి లేత్. సుత్తులనే మాట వినగానే వెళ్ళి ఆ హేండిల్ మీద చెయ్యి వేశాను. దానికి కారణం ప్రేమ ఒక్కటే కాదు. ఆ సంగతి వరసలో వస్తుంది.

నాకు ఇరవై ఆరేళ్ళప్పుడు మా ఆయన జ్వరంతో పోయాడు. ఆ ఫ్యాక్టరీలోనే ఫిట్టరు దగ్గర హెల్పరు. ఆయన పోయాక కుటుంబం కింద నాకు ఉద్యోగం ఇచ్చారు. మాది గునుపూర్ పక్క పల్లె, తాతల నాడు సిక్కోలు, అంటే శ్రీకాకుళం, నుంచి వచ్చి పొలం చేసుకున్నవాళ్ళం. నేను బడి గడప తొక్కలేదు. ఉద్యోగం కాగితం మీద వేలిముద్రే వేశాను. మిషను షాపులో ఇనప తురుము ఊడ్చడం, సామాన్లు కడగడం నా పని. మొదటి రోజు చీపురు పట్టుకుని నిలబడితే ఒక పొట్టి మనిషి వచ్చాడు. ఖాకీ చొక్కా, చెవి మీద సుద్దముక్క, నోట్లో ఆరిపోయిన బీడీ.

"పేరేటమ్మీ?"

"పైడమ్మ, బాబు."

"సదువుకున్నావా?"

"నేదు."

"కళ్ళు బాగా అవుపిస్తాయా?"

"అవుపిస్తాయి."

"మరింకేటి! ఈ షాపులో సదువుకున్నోళ్ళకి కళ్ళు లేవు. నీకు కళ్ళున్నాయి, సదువు నేదు. ఒకలికొకలు సరిపోయేరు. రా."

అంతే దాలినాయుడు మేస్త్రితో నా పరిచయం. జాలి మాట ఒక్కటి లేదు. మొగుడు పోయినదని వచ్చినవాళ్ళంతా నా తల నిమిరి వెళ్ళారు. ఈయన నా చేతిలో గుడ్డ పెట్టి, మిషను మైల తుడవమన్నాడు. నిమిరినవాళ్ళ పేర్లు నాకిప్పుడు గుర్తులేవు.

మా షాపులో అప్పుడు మూడు లేత్‌లు. మూడింటి సామానూ ఒకే అలమరలో పడేసేవారు. లేత్ గురించి తెలియనివాళ్ళకి చెప్తాను. మిషను ఒక్కటే ఉంటే ఏ పనీ జరగదు. కడ్డీని పట్టడానికి చక్కు కావాలి, అది ఇనప పిడికిలి, మూడు దవడలతో కరిచి పట్టుకుంటుంది. అవతలి కొసని ఆనించడానికి మొన తేలిన సెంటరు కావాలి. పొడుగు కడ్డీ నడుమ వంగకుండా చుట్టూ పట్టి ఉంచే కంకణంలాంటిది కావాలి. మరలు కొయ్యడానికి పళ్ళ చక్రాలు మార్చాలి. ఇలాంటివి ఒక్కో మిషనుకి ముప్ఫయ్యో నలభయ్యో ఉంటాయి. చూడ్డానికి అన్నీ ఒకలాగే ఉంటాయి. ఒకదాని సామాను ఇంకోదానికి తగిలిస్తే ఎక్కినట్టే ఉంటుంది, పని మాత్రం పాడవుతుంది.

మేస్త్రి నాకు వాటి పేర్లు నేర్పలేదు. ఏదో ఒకటి చేతిలో పెట్టి, "దీని ఇల్లెక్కడ?" అనేవాడు. నేను మూడు మిషన్లకీ తిరిగి అది ఎక్కడ ఇముడుతుందో చూపించాలి. సెంటరు తోక ఏటవాలుగా ఉంటుంది. దాన్ని గుడ్డతో తుడిచి, తర్వాత అరచేత్తో తుడిచి, రంధ్రంలోకి నెట్టి చిన్న మెలిక పెట్టాలి. తనదైతే అక్కడే అతుక్కుపోతుంది, లాగినా రాదు. కాకపోతే లోపల కటకటలాడుతుంది.

"ఊగుతోందా?" అనేవాడు.

"కొంచెం ఊగుతోంది బాబు."

"కొంచెం ఊగితే అది అద్దెకొచ్చినోడు. సొంత ఇల్లు కాదు. ఎతుకు."

గుడ్డతో తుడిచాక అరచేయి ఎందుకని ఒకసారి అడిగాను. "గుడ్డ అబద్ధం ఆడుతాది. సెయ్యి ఆడదు," అన్నాడు. చిన్న ఇసక రేణువుంటే గుడ్డకి తెలియదు, చేతికి తెలుస్తుంది. ఇప్పటికీ బియ్యం కడిగినా, మంచం దులిపినా ఆఖరున అరచేయి పెట్టి చూస్తాను. రమణమ్మ నవ్వుతుంది.

ఆయనకి కోపం ఎక్కువ. ఒక టర్నరు వేరే మిషను కంకణం తెచ్చి, ఎత్తు చాలక కింద చెక్కముక్క పెట్టి బిగించాడు. మేస్త్రి వెళ్ళి మిషను ఆపేశాడు. "ఏరా, నీ పెళ్ళికి పొట్టి పెళ్ళికూతురని పీట ఏసి నిలబెట్టేరు, అది పెళ్ళి కాబట్టి సెల్లింది. ఇది లేతు!" అన్నాడు. షాపంతా గొల్లుమంది. ఆ టర్నరు నెల్లాళ్ళు ఈయనతో మాట్లాడలేదు. నవ్వించాడని మెచ్చుకోవడం లేదు. అవతలివాడు బాధపడ్డాడని తెలిసీ, ఎదురుగా వెళ్ళి క్షమించమని అడగడం ఆయనకి చేతకాలేదు. బదులుగా అతని మిషను సామాను తనే కడిగి పెట్టేవాడు. అది కూడా చెప్పాలి.

కొత్తగా ఒక ఇంజనీరు వచ్చిన రోజుల్లో పళ్ళ చక్రాలన్నీ బల్ల మీద వరసగా పేర్చించాడు. ఇరవై పళ్ళది, ఇరవై ఐదు, ముప్ఫై, అలా ఐదేసి పెరుగుతూ ముచ్చటగా ఉన్నాయి. ఒక పెద్ద చక్రం మాత్రం ఆ వరసలో ఎక్కడా కుదరలేదు. ఇది వేరే మిషనుదై ఉంటుందని తుక్కులో వేయించాడు. నాకు అంకెలు రావు గాని ఆ చక్రం తెలుసు. సుద్దతో ఒక్కో పంటికీ గీత పెట్టి లెక్కబెట్టమని మేస్త్రి నాచేత చేయించేవాడు. ఇరవైలు ఆరుసార్లు వచ్చి, పైన ఏడు మిగిలేది. నేను వెళ్ళి మేస్త్రి చెవిలో వేశాను. ఆయన తుక్కులోంచి దాన్ని నాచేతే తెప్పించి, ఇంజనీరు ఎదట నిలబెట్టాడు.

"అమ్మీ, దీని ఇల్లెక్కడ?"

నేను మిషను పక్క తలుపు తీసి, అది తగిలించే మేకు చూపించాను.

"సారూ," అన్నాడు మేస్త్రి, "మన మిషను అంగుళాల దేశంలో పుట్టింది. దానికి మిల్లీమీటర్లు రావు. ఈ నూటిరవై ఏడు పళ్ళ సక్రమే దానికి మిల్లీమీటర్ల భాష సెప్తాది. ఇది తుక్కులోకెల్తే మన మిషను మూగదయిపోద్ది. కనిపెట్టింది నాను కాదు, ఈ అమ్మి."

ఇంజనీరు మంచివాడే, నా వంక చూసి తలూపాడు. మేస్త్రి ఆ మాట తన పేరునే చెప్పుకోవచ్చు. చెప్పుకోలేదు. అప్పటికి షాపులో నాకో పేరుందని ఎవరికీ తెలియదు, ఆ రోజు తెలిసింది.

నేను చేరిన పన్నెండేళ్ళకి, నాకు ముప్ఫై ఎనిమిదేళ్ళప్పుడు, టూల్ స్టోరు చూసుకునే ఉద్యోగం ఖాళీ అయింది. సామాన్లు నాకన్నా తెలిసినవాళ్ళు లేరు. కాని చదవడం రాయడం వస్తేనే ఇస్తామన్నారు. ముందు ఏడాది పని చూసి, బాగుంటే ఖాయం చేస్తారు. నాకొద్దు బాబూ అన్నాను. "నీకు తెలిసింది నీతోనే కాటికెల్తే ఎవులికి లాభం? ఇనప మీద రాసి పెట్టు," అన్నాడు మేస్త్రి. మధ్యాహ్నం తిండి వేళ, మిషను నూనె పళ్ళెం తుడిచి దాని మీద సుద్దతో అక్షరాలు దిద్దించాడు. ఆయన చదివింది ఐదో క్లాసే. ఋ రాయడం ఆయనకీ సరిగ్గా వచ్చేది కాదు, "దీన్ని వొగ్గెయ్, స్టోరులో దీంతో పని నేదు," అనేవాడు. చుట్టూ టర్నర్లు అన్నం తింటూ ఏడిపించేవాళ్ళు.

"మేస్త్రీ, మీ బళ్ళో పాపకి పాలపళ్ళు ఊడేయా?"

"నీకు ఊడే ఏల దగ్గరికొచ్చింది, నోరు మూసుకు తిను."

ఎనిమిది నెలలకి నా పేరు నేను రాశాను. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు పెద్ద స్టోరు గుమాస్తా నేర్పాడు. ఉద్యోగం ఇచ్చారు. స్టోరులో ఒక కరెంటు పెన్సిలుండేది. ఎంత గట్టి ఇనుమైనా దాని మొన ఆనిస్తే చిటచిటమని నిప్పురవ్వలు లేచి నల్లటి గీత పడుతుంది. నేను పలక మీద రాసింది తక్కువ, ఇనుము మీద రాసింది ఎక్కువ. కనిపించిన ప్రతిదాని మీదా దాని మిషను గుర్తు రాసేదాన్ని. దాలినాయుడు మేస్త్రి లేత్ సామాను మీద ద. పక్క లేత్ కృష్ణారావనే టర్నరుది, దాని సామాను మీద క. నాకు పొగరెక్కింది, దాచను. రోజూ సాయంత్రం రాసినవన్నీ వరసగా పెట్టుకుని చూసుకునేదాన్ని.

ఒకరోజు కృష్ణారావు లేత్‌ని నందపూర్ దిగువన జరుగుతున్న ప్రాజెక్టు పనికి పంపమన్నారు. సాయంత్రానికి లారీ. దాని సామానంతా కడిగి, గుర్తులు రాసి పెట్టాలి. అదే రోజు మేస్త్రి తన చక్కు కూడా కడగమని ఇచ్చాడు. రెండు చక్కులూ ఒకే కంపెనీవి, ఒకే కాన్పు పిల్లల్లా ఉంటాయి. కాని దేని దవడలు దానికే అరిగి కుదురుకుంటాయి, ఒక్కటి మారినా కడ్డీ ఊగుతుంది. దవడల మీద కంపెనీవాళ్ళు వేసిన అంకెలు ఎప్పుడో అరిగిపోయాయి. ఒక చక్కుకి ఒక పళ్ళెం, అది మేస్త్రి నియమం. ఒకటి కడిగి, బిగించి, తర్వాతే రెండోది విప్పాలి. నాకు త్వరగా రాతలోకి దిగాలని ఆత్రం. రెండూ విప్పి ఆరు దవడలూ ఒకే కిరసనాయిలు పళ్ళెంలో వేశాను. కడిగి తీశాను. మూడింటి మీద ద, మూడింటి మీద క, గుండ్రంగా, అందంగా రాశాను. లారీ వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున మేస్త్రి మిషను మొదలెట్టి రెండు నిమిషాల్లో ఆపేశాడు. రెండో దవడ ఊడదీసి వేలితో తడిమాడు. ఆయన చక్కు రెండో దవడ తోకకి బియ్యపు గింజంత గాటు ఉంటుంది, ఎప్పుడో కిందపడి తగిలింది. దీనికి ఆ గాటు లేదు.

నన్ను పిలిచి దవడ చేతిలో పెట్టాడు. "ఇది నీ రాతేనా?"

"నాదే బాబు."

"అచ్చరం బాగుంది. మాట తప్పు."

 రెండు చక్కుల రెండో దవడలూ తారుమారయ్యాయి. ఆయనది లారీలో కొండ దిగిపోయింది. నేను పరుగెత్తి సానరాయి తెచ్చి, గుర్తు రుద్దేస్తానన్నాను.

"రుద్దేస్తే నీ తప్పు పోద్ది. దౌడ తిరిగొస్తాదేటి?" అన్నాడు. "రుద్దకూడదు. ఈ ద మీద అడ్డంగా గీత కొట్టు. పక్కని క అని రాయి. ఆ మిషను ఎప్పుడైనా తిరిగొస్తే అప్పుడు సూసినోడికి తెలుస్తాది, ఇది దీనిది కాదు, దీనిది ఎక్కడో ఉందీ అని. తప్పు రాసినా పరవానేదమ్మీ. తప్పుని తప్పని రాయకపోతే, దాన్ని నమ్మినోడు పాడవుతాడు."

కేక వెయ్యలేదు. అంత కోపిష్టి మనిషి, నా మీద గొంతు పెంచలేదు. రోజూ బీడీ కట్ట కాగితం చించి, ఆ దవడకీ కడ్డీకీ మధ్య పెట్టి, కొలిచి, మళ్ళీ పెట్టి పనిచేసుకున్నాడు. ఆయన చేతిలో ఆ చక్కు తిన్నగానే తిరిగింది.

నేను గీత కొట్టలేదు. క రాయలేదు.

ఎందుకని అడిగితే సిగ్గు, ఇంకేం లేదు. నన్ను ఖాయం చేసే కాగితం అప్పుడు ఆఫీసులో ఉంది. వచ్చీ రాని అక్షరాలని నవ్వేవాళ్ళు చుట్టూ ఉన్నారు. కొట్టివేత కనిపిస్తే, చదువురాని దాన్ని కూర్చోబెడితే ఇంతేనంటారని భయం. రేపు రాద్దామనుకున్నాను. రేపులు ఐదు నెలలయ్యాయి. మేస్త్రి రిటైరయ్యే రోజు వచ్చింది. దండ వేసి, మిఠాయి పంచాక, మిషను దగ్గరికి ఒక్కడే వచ్చాడు. నేను తుడుస్తున్నాను.

"ఆ దౌడ మీద రాసేవా అమ్మీ?"

"రాసేను బాబు."

దవడ ఆయన చేతికి జానెడు దూరంలో ఉంది. ప్రతి కొలతా మూడుసార్లు కొలిచే మనిషి. వంగి చూడలేదు. తల ఊపి, దండ తీసి మిషను హేండిల్‌కి తగిలించి వెళ్ళిపోయాడు.

మరి రెండేళ్ళకి కృష్ణారావు లేత్ ప్రాజెక్టు నుంచి తిరిగొచ్చింది, విరిగిపోయి. గేటులోంచి లారీ రావడం నా కళ్ళతో చూశాను. దాని చక్కు వెనక యార్డులో పడేశారు. నడిచి వెళ్తే ఐదు నిమిషాలు. వెళ్ళి ఆ దవడ తెస్తే ఎందుకు తెచ్చావో చెప్పాలి. వెళ్ళలేదు. ఈలోగా కొత్త టర్నర్లు మేస్త్రి లేత్ మీద పనిచేసి, చక్కు అరిగిందని, మిషను ముసలిదైందని తిట్టడం మొదలెట్టారు. బీడీ కాగితం సంగతి వాళ్ళకి తెలియదు. మెల్లగా మంచి పనులు దాని మీద వెయ్యడం మానేశారు. తర్వాత గుడ్డ కప్పారు. ఇరవై ఏళ్ళు నేను దాని పక్కనుంచే నడిచాను. మేస్త్రి సిక్కోలు దగ్గర తన ఊళ్ళో నాలుగేళ్ళ కింద పోయాడని విన్నాను. నేను ఎప్పుడూ వెళ్ళి చెప్పలేదు.

ఇదీ గురువారం నాడు పెట్టె పక్కన కూలబడ్డప్పుడు నా లోపల ఉన్న సరుకు.

పెట్టెలో సెంటర్లు, స్పానర్లు, చక్రాలు. ఏది ఆ మిషనుదో ఒక పక్క, కానిది ఒక పక్క పెడుతూ పోయాను. పెద్ద చక్రం తీసి, ఇది పారెయ్యకు బాబూ అని మనోరంజన్ చేతికి ఇచ్చాను. మూడో గోనె అడుగున రెండో చక్కు దొరికింది, తుప్పు ముద్ద. సత్యారావు దాన్ని చూసి పెదవి విరిచాడు. నేను తుప్పు గోకాను. దవడ మీద క కనిపించింది, నా గుండ్రటి రాత.

"మామ్మా, కడ్డీని ఊపే దెయ్యం దొరికిందా?" అన్నాడు భాస్కర్. పదకొండున్నర అయింది.

"దొరికింది. సుత్తి కాదు, కిరసనాయిలు తే."

నవ్వుతూనే తెచ్చాడు. దవడలు కదల్లేదు. సత్యారావు చెక్క సుత్తితో తట్టాడు, దవడలు కదిలించే తాళం పెట్టి తిప్పాడు, రమణమ్మ తన చీర కొంగుతో తాళం జారకుండా పట్టుకుంది. పావుగంటకి రెండో దవడ బయటికి వచ్చింది. తోక తుడిచి అరచేయి పెట్టాను. గాటు ఉంది.

"దీన్ని తీసుకెళ్ళి మిషను చక్కులో రెండో దవడ స్థానంలో పెట్టు బాబు," అన్నాను సత్యారావుతో.

అతను పని తెలిసినవాడు, ఊరికే ఒప్పుకోడు. "మామ్మా, దీని మీద క అని రాసుంది. మిషను మీది మూడింటి మీదా ద ఉంది. నాను తెలుగోణ్ణే, సదివేను. గుర్తులు సరిగ్గానే ఉన్నాయి. దీన్ని అందులో ఎలగ పెడతాను?"

ఎవరో తప్పు రాశారు బాబూ అంటే సరిపోయేది. ఆ 'ఎవరో' నా నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడ నన్ను పట్టుకునేవాళ్ళు ఎవరూ లేరు.

"ఆ గుర్తు తప్పు. రాసింది నేనే," అన్నాను. "తప్పని నాకు మర్నాడే తెలుసు. దిద్దమన్నారు. దిద్దేనని అబద్ధం ఆడేను. నీ చక్కు అరగలేదు. నా రాత నమ్మి మీరంతా పాడయ్యేరు."

 సత్యారావే ముందు కదిలాడు. దవడలు మూడూ విప్పి, ఒకటి, ఇది, మూడు, వరసగా ఎక్కించి, మంచి కడ్డీ బిగించి, డయల్ గేజ్ ఆనించాడు. కడ్డీ ఎంత ఊగుతోందో అది ముల్లుతో చూపిస్తుంది. పొద్దున నేను వచ్చేసరికి ఆ ముల్లు ఎనిమిది గీతలు ఆడింది. ఇప్పుడు చేత్తో మెల్లగా తిప్పాడు. ఒక గీత దాటలేదు. ఇంకోసారి తిప్పాడు. దాటలేదు.

"ఓలమ్మ!" అన్నాడు సత్యారావు. తర్వాత నా వంక తిరిగి, "పది రోజులు నన్ను నాను తిట్టుకున్నాను మామ్మా. నా సేతులు పోయేయనుకున్నాను," అన్నాడు. అతని గొంతులో నవ్వు లేదు. ఆ మాట నాకు తగలాల్సిందే, తగిలింది. మా మేస్త్రి తర్వాత ఆ మిషను ముందు నిలబడి తమ చేతుల్ని తిట్టుకున్న టర్నర్లు ఎంతమందో!

మనోరంజన్ చాలాసేపు మిషను చూశాడు, నన్ను చూడలేదు. ఆఖరికి, "భాస్కర్ భాయ్, నువ్వు వెళ్ళు," అన్నాడు.

"ఎల్తాను. ఒక్క అచ్చరం కాడ నా పూటంతా పోయింది," అంటూ భాస్కర్ లేచాడు గాని, గుమ్మం దగ్గర ఆగి, ముల్లు ఇంకోసారి తిప్పి చూపించమన్నాడు. తిరుపతి కూడా బండి దగ్గర్నుంచి వచ్చి చూశాడు.

సత్యారావు చిన్న సానరాయి తీసి, గుర్తులు రెండూ రుద్దేస్తాను, మళ్ళీ గొడవ ఉండదన్నాడు. వద్దన్నాను. కరెంటు పెన్సిలు అక్కడ లేదు. సన్న మొన ఉన్న గ్రైండరు ఒకటి ఉంటే అడిగి తీసుకున్నాను.  గాటున్న దవడ మీద క కొట్టేసి పక్కన ద రాశాను. గాటు లేనిదాని మీద ద కొట్టేసి పక్కన క రాశాను. అక్షరాలు వంకరగా వచ్చాయి, అప్పటంత అందంగా లేవు. సబిత టీ తెచ్చింది, తాగాను. మనోరంజన్ అప్పుడు నా వంక చూసి, "మాఉసీ, మిగతా సామాను కూడా రేపు వచ్చి చూస్తావా?" అన్నాడు. వస్తానన్నాను. వెళ్తున్నాను కూడా.

దాలినాయుడు మేస్త్రి దగ్గర నేను నేర్చుకున్నవి చాలా ఉన్నాయి, వాటితోనే తిన్నాను. కాని నేను మోస్తున్నది మాత్రం ఆ రోజు ఆయన వంగి చూడకపోవడం. ఆయన అమాయకుడై చూడలేదని కాదు. నేను రాశానంటే ఇంక కొలవక్కర్లేదని అనుకున్నాడు. ఆ లెక్క సరిచేయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది, ఆయన బతికుండగా కాలేదు. ఇప్పుడు ఎవరైనా ఏమైనా అడిగితే, తెలిస్తే తెలుసనీ, చెయ్యకపోతే చెయ్యలేదనీ చెప్తున్నాను. మొరటుదన్నారు. అననీ.

తప్పు ఒప్పుకున్నది గాలికి కాదు, మనుషుల ఎదట. అందుకని వాళ్ళెవరో రాస్తున్నాను. షెడ్డు యజమాని మనోరంజన్. అతని భార్య సబిత. టర్నరు సత్యారావు. ఇనప తుక్కు కొనే భాస్కర్. అతని బండి డ్రైవరు తిరుపతి. మా చెల్లెలి కూతురు రమణమ్మ. నేను, పైడమ్మ.